మామగారి గొంతు

అరవైల చివర్లో, నేను రాజాం కాపురానికి వచ్చిన కొత్త. శ్రీరామనవమి పొద్దున్నే, భజనలో పాడాల్సిన మా మామగారికి జలుబుతో గొంతు పూడిపోయింది. మా అమ్మ చేసినట్టే మిరియాలు, శొంఠి, తులసాకులు దంచి కషాయం కాచి ఇచ్చాను. గుక్క దిగీదిగకముందే పొలమారి, ఊపిరాడక ఆయన కళ్లు తేలేశారు.

"ఓలమ్మో! కోడలు ఏటి పోసేసినాదో సూడండర్రా!" అని మా అత్తగారు గుండెలు బాదుకున్నారు. వీధంతా పోగైంది.

మామగారు గట్టిగా దగ్గి, కళ్లు తుడుచుకుని, "అరవకే! అమ్మా, మిగిలింది కూడా ఇలాగియ్యి" అన్నారు. బొంగురుగానే అయినా ఆ మాట అందరికీ వినిపించింది!

సాయంత్రం ఆయన పాడుతుంటే అత్తగారు నా పక్కకి జరిగి, "ఆ కసాయం ఎలాగ కాస్తారో నాకూ సెప్పవే" అన్నారు. పుట్టింటి మీద బెంగ నాకు ఆ రోజే తగ్గింది.