దావీదు ముంచిన పడవ

మా చిన్నప్పుడు... కాలువకు నీళ్ళు వదిలిన మర్నాడు రేవుకు పరుగెత్తి చూసేసరికి, మా పడవ నీళ్ళ అడుగున ఉంది. మూడు ఇసుక బస్తాలు మీద పెట్టుకుని కదలకుండా పడుకుని ఉంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. గట్టు మీద కూలబడి గుక్కపట్టి ఏడ్చాను.

మా ఊరు చల్లపల్లి దగ్గర. నాన్న ధాన్యం, కొబ్బరికాయలు ఆ పడవలోనే చేరవేయించేవారు. నడిపేవాడు దావీదు... నాకంటే పదేళ్ళు పెద్దవాడు.

"ఎందుకండీ ఆ ఏడుపు, అమ్మాయిగారూ! మునగలేదండీ, నేనే ముంచాను. ఎండాకాలమంతా గట్టున పడుంది కదా, దాహమేసింది. తాగనివ్వండి."

"అబద్ధం! నాన్నతో చెప్తానుండు."

"చెప్పండి. బస్తాలిచ్చింది ఆయనేగా!"

ఎండకు చెక్కలు కుంచించుకుపోయి సందులు పడతాయట. పది రోజులు నానితే ఉబ్బి, మళ్ళీ బిగుసుకుంటాయట. పదకొండో రోజున దావీదు బస్తాలు తీసి, నీళ్ళు తోడి, నన్ను అవతలి గట్టుకు తీసుకెళ్ళాడు. ఒక్క చుక్క లోపలికి రాలేదు... అరికాళ్ళతో తడిమి తడిమి చూశాను.

తర్వాత చదువుకున్నాను, కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇప్పుడు పటమటలో నా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఎవరినీ ఏదీ అడగకుండా బతికానన్న గర్వం నాకుంది... దాచుకోను. నాన్న పోయాక పడవను దావీదుకే ఇచ్చేశాను, నోటిమాటగా. కాగితం మాత్రం నా పేరునే ఉండిపోయింది.

మొన్న వానాకాలం మొదట్లో, మునిగిన పడవలూ పాడైన పడవలూ తొలగించే కాంట్రాక్టరు మనిషి ఆ పేరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఫోన్‌లో ఫొటో చూపించాడు.

"మీ పడవ రేవులో మునిగిపోయిందండీ. సంతకం పెడితే క్రేన్‌తో తీయించి ముక్కలు చేయించేస్తాం. ఇంట్లో ఎవరినైనా అడిగి చెబుతారా, మేడమ్?"

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. "నేనెవరినీ అడగనక్కర్లేదు" అని అక్కడికక్కడే సంతకం చేశాను. ఫొటోలో పడవ మీద బస్తాలు కనబడుతూనే ఉన్నాయి... చూశాను. చూసి కూడా...

వారం తిరక్కుండా దావీదు వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చేతిసంచిలో పడవ చెక్క ముక్క ఒకటి.

"వేసవంతా బాగుచేసి నేనే ముంచానండీ. ఇంకో నాలుగు రోజులైతే తేల్చేవాణ్ణి. అడ్డం పడితే మీ సంతకం చూపించారండీ..."

"నాకొక్క ఫోనైనా చేయలేకపోయావా, దావీదూ, నానబెడుతున్నానని?"

"మీకు తెలుసు కదా అనుకున్నానండీ... చిన్నప్పుడే చెప్పాను కదా, అమ్మాయిగారూ."

కాఫీ ఇస్తే తాగి, ఆ చెక్క ముక్క నాకిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ చెక్క నా బల్ల మీద ఉంది. ఎండి బీటలు వేస్తోంది. ఇప్పుడు మా రేవులో ఉన్నవన్నీ ఫైబరు పడవలే... వాటికి దాహం వేయదు.

డెల్టా కాలువల్లో ఇంకా ఎక్కడైనా చెక్క పడవలు చేసేవారు, అమ్మేవారు ఉంటే దయచేసి ఇక్కడ రాయండి. దావీదు కోసం. ఇలా ఒకరిని అడగడం నాకు ఇదే మొదటిసారి...