ఎత్తిపోతల దగ్గర ఒక పూట

మా ఆయన సూర్యాపేటలో టూరిస్టు బస్సు నడిపేవాడు. ఊటీ, మైసూరు, కాశీ, కన్యాకుమారి అంటూ ఏడాదిలో సగం రోజులు రోడ్డు మీదే. నేను మాత్రం అటు మిర్యాలగూడ, ఇటు మా పుట్టిల్లు కోదాడ దాటి ఎరగను.

"ఊటీల ఏముంటది?" అని అడిగితే, "పార్కింగ్ మంచిగుంటది" అని నవ్వేవాడు. జనం చూడ్డానికి వెళ్తే తను బస్సు డిక్కీలో చాప పరుచుకుని నిద్రపోయేవాడు మరి. పిల్లల చదువులు అయిపోనీ, అప్పుడిద్దరం సీట్లలో కూర్చుని పోదాం అనేవాడు.

తెలిసేసరికే ఆయన రెండు కిడ్నీలూ పాడైపోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. ఒంట్లో నీరు నిలుస్తుందని, నీళ్ళు గుక్కెడు గుక్కెడే ఇవ్వమన్నారు డాక్టర్లు. ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోతుంటే ఫ్రిజ్ వైపు చూస్తూ కూర్చునేవాడు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరమే ఇక మాకు దేశం.

ఆ వానాకాలం సాగర్ గేట్లు ఎత్తారని విని పోదామన్నాడు. మిర్యాలగూడ మీదుగా బస్సులో వెళ్ళాం. డ్యామ్ చూసి, ఆటోలో ఎత్తిపోతలకు వెళ్ళాం. ఆయన రెయిలింగ్ పట్టుకుని జలపాతాన్ని చాలాసేపు చూశాడు. నేను అటు చూస్తుండగానే పక్కనుంచి వెళ్ళిపోయాడు. వెతికితే, గేటు దగ్గరి నల్లా కింద దోసిలి పట్టి తాగుతున్నాడు.

పరుగెత్తి చెయ్యి లాగాను. "ఏం జేస్తున్నవ్? సస్తవ్!"

"గన్ని నీళ్ళు సూసుకుంట ఎట్లుండాలె? ఒక్కసారి కడుపునిండ తాగనియ్యి."

చెయ్యి వదిలేశాను.

ఇంటికొచ్చాక, తెల్లవారేసరికి ఆయనకు ఊపిరి అందలేదు. దవాఖానలో నర్సు నా మీద కేకలు వేసింది. "ఇంట్ల మనుషులు సూసుకోవద్దా?" అంది. డయాలసిస్ మిషన్ మీద పెట్టాక, మధ్యాహ్నానికి కాస్త తేరుకున్నాడు.

"గా నీళ్ళు మంచిగ గూడ లేకుండె," అన్నాడు మెల్లగా. "గోరువెచ్చగ, తుప్పు వాసన."

"మరెందుకు తాగినవ్?"

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చలికాలంలో ఒక పొద్దున, ఆ మిషన్ మీద ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. నేను కింద చాయ్ కోసం నిలబడి ఉన్నాను. పైకి వచ్చేసరికి ఆ మంచం చుట్టూ తెర లాగేసి ఉంది.