గోడ మీదుగా చెప్పిన జవాబులు

పక్కింటి అక్క పోయిందన్న కబురు కూడా నాకు గోడ మీదుగానే అందింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే, నెల్లూరు ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన ఆమె కూతురు గోడ దగ్గర నిలబడి, "అమ్మ లేదు పిన్నీ" అంది. అటూ ఇటూ నిలబడే ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

బోగోలు వైపు సముద్రం ఒడ్డున మాది చిన్న ఊరు. ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్లం పెట్టుకున్న సంఘాన్ని నడిపింది అక్కే. చెన్నై వ్యాపారులు నమ్మాలంటే సంఘం పేరుతోనే మెయిల్ ఉండాలని పట్టుబట్టి, కావలిలో కంప్యూటర్ షాపు వాళ్లచేత మా ఇద్దరికీ చెరొకటి పెట్టించింది. ఆర్డరు వస్తే రెండింటికీ చేరుతుంది. తన ఫోన్లో తనే పెట్టుకుని, ఇక నా వెంట పడింది. నెత్తళ్ల చేపలు ఆరబోసిన చోటే కూర్చుని, చేతుల ఉప్పు కొంగుకు తుడుచుకుని, నా ఫోన్లో మెయిల్ వివరాలు ఒక్కొక్కటే నింపింది. మెయిల్ వచ్చే దారి వేరు, పోయే దారి వేరు, రెంటికీ పాస్‌వర్డ్ ఇయ్యాలని చెప్పింది. రెండోది నన్నే కొట్టమంది. అంతలో కాకులు చేపల మీద వాలాయి, నేను లేచి పరిగెత్తాను. అది అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అక్క నాకొక మెయిల్ పంపేది. అందులో "అందిందా?" అన్న ఒక్క మాటే ఉండేది. నేను పొయ్యి దగ్గర నుంచే, అందిందక్కా అని కేకేసేదాన్ని. మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత విసుక్కునేది.

"గోడ మీంచి కాదు మే, దాంట్లోనే రాయి. చెన్నై వాళ్లకు మన గోడ లేదు గదా."

రాసి చూశాను, పోలేదు. మనిషి పక్కనే ఉంది కదా, రేపు అడుగుదాంలే అనుకున్నాను. పక్కన ఉన్నవాళ్లు ఎప్పుడూ ఉంటారనుకోవడం ఎంత తెలివితక్కువతనమో ఇప్పుడు తెలుస్తోంది.

అక్క ఆసుపత్రిలో ఉండగా పెద్ద ఆర్డరు వచ్చింది. చదివాను. సరుకు ఉందని జవాబు రాశాను. అది నా ఫోన్లోనే ఉండిపోయింది. చెన్నై వాళ్లకు ఫోన్ చేస్తే, మెయిల్లో ఒప్పుకుంటేనే లెక్క అన్నారు. మర్నాటికి ఇంకెవరికో ఇచ్చేశారు. చూడటానికి వెళ్లినప్పుడు అక్క అడిగిన మొదటి మాట, ఆర్డరుకు జవాబు పోయిందా అనే. పోలేదక్కా అన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కళ్లు మూసుకుని, మెల్లగా అంది.

"పొయ్యేదానికి పాస్‌వర్డ్ ఇయ్యలేదు మే నువ్వు. ఇంటికొచ్చినాక చేస్తాలే."

రాలేదు.

కర్మ అయిన మర్నాడు సాయంత్రం, అక్క మెయిల్ రావలసిన వేళ దాటిపోతుంటే ఉండబట్టలేకపోయాను. నేనే వెతికి, పోయే దారి దగ్గర ఖాళీగా ఉన్న చోట పాస్‌వర్డ్ కొట్టాను. ఇంత చిన్న పని. అక్క ఆఖరున పంపిన "అందిందా?" తెరిచి, "అందింది అక్కా" అని రాసి నొక్కాను. ఈసారి పోయింది.

గోడ అవతల అక్క ఫోన్ మోగింది. కాసేపటికి అక్క కూతురు దాన్ని పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"అమ్మకు మెయిల్ వచ్చింది పిన్నీ" అంది.