ఎడమచేతి ముడి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, తెచ్చి స్లైడు మీద పెట్టండి, మైక్రోస్కోపులో చూసి చెబుతాను అనేవాణ్ణి. నాకు వెటకారం కొంచెం ఎక్కువే. కరీంనగర్‌లో జీవశాస్త్రం పాఠాలు చెబుతూ, బూజుల జన్యువుల మీద ముప్పై ఏళ్ళు పనిచేశాను. మామూలు కంటికి కనబడనివి ఎన్నో చూశాను. నా బుద్ధికి అందనిది మాత్రం ఒక్కటే చూశాను.

తొంభైల్లో నేనూ, నా భార్య విమలా నమూనాల కోసం జైనూర్ అడవుల్లో తిరిగేవాళ్ళం. ఆమె కూడా లెక్చరరే. అక్కడ పోడు సాగు కోసం కాల్చిన మొద్దుల మీద, వాన పడగానే నారింజ రంగు బూజు పుడుతుంది. ఒకసారి విమల ఏరి తెచ్చినది మామూలు రకం కంటే బాగా ఎర్రగా ఉంది. నేను దానికొక నంబరు రాశాను. ఆమె మాత్రం, రంగు అచ్చం కొండగట్టు అంజన్న సింధూరమే అని, హనుమంతు అని పేరు పెట్టింది.

బూజును గాజు గొట్టంలో, అగర్ అనే జిగురు మేత మీద పెంచుతాం. నెలకోసారి చిటికెడు తీసి కొత్త గొట్టంలోకి మార్చాలి. లేకపోతే ఎండి చస్తుంది. ఆ పని ఎక్కువగా విమలే చేసేది. నా వంతు వచ్చినప్పుడు నేను మరిచిపోతే, "హనుమంతుకు బువ్వ వెట్టిండ్రా?" అని ఆటపట్టించేది.

ఆమెది సిరిసిల్ల, నేతపని చేసే ఇల్లు. గొట్టం మూతికి దూది పెట్టి, పైన కాగితం కప్పి దారంతో కట్టేది. ఆ దారానికి వేసేది మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. చిన్నగా, గట్టిగా ఉంటుంది. ఎన్నిసార్లు నేర్పినా నాకు రాలేదు. నేనూ, అటెండర్ రాజమల్లూ రబ్బరు బ్యాండు వేసేవాళ్ళం.

హైదరాబాదులో ఒక ల్యాబ్‌కు పంపి హనుమంతు డిఎన్‌ఏలో ఒక ముక్కను చదివించాం. నాలుగే అక్షరాలు, అవే అటూ ఇటూ మారుతూ వందల కొద్దీ ఉంటాయి. కంప్యూటర్‌లో వేరే బూజులతో పోల్చి చూస్తే, దీనికి ఒకచోట పదకొండు అక్షరాలు ఎక్కువున్నాయి. అవి ఎందుకున్నాయో తేల్చాలని ఇద్దరం పట్టుదలగా కూర్చున్న ఏడాదే విమలకు కాలేయం చెడింది. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "హనుమంతును ఎండవెట్టకుండ్రి."

మా దగ్గర ఆ మాటకు కడుపు మాడ్చడం అని కూడా అర్థం.

ఆమె పోయిన మొదటి ఎండాకాలమే నేను ఆ పని చేశాను. భైంసాలో మా అమ్మ, అవ్వ అంటాం, జారిపడి తుంటి విరిగింది. వారంలో వస్తాననుకుని ల్యాబ్‌కు తాళం వేసి పోయాను. నలభై రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే, అవ్వ పేరు చెప్పుకుని అక్కడే ఉండిపోయాను. విమల లేని ఆ గదిలోకి పోబుద్ధి కాలేదు. రెండు తాళంచెవులూ నా సంచిలోనే ఉన్నాయి.

జూన్‌లో, పట్టపగలు, తలుపు తీశాను. గొట్టాలు పెట్టే ఫ్రిజ్ పాడైపోయి ఉంది. హనుమంతు ఉన్న మూడు గొట్టాల్లోనూ అగర్ ఎండి అప్పడంలా ముడుచుకుంది. బల్ల ముందు కూర్చుని ఏడ్చాను. ఆమె అడిగిందే ఒక్క పని.

కళ్ళు తుడుచుకుని ఆ గొట్టాలు తీస్తుంటే, వెనక నాలుగోది కనబడింది. అందులో అగర్ తడిగా ఉంది. పైన సింధూరం రంగు, రెండు మూడు రోజుల కిందటే మార్చినట్టు లేతగా ఉంది. మూతికి దారం కట్టి ఉంది. దారానికి నేతముడి ఉంది.

రాజమల్లును పిలిచి అడిగాను. "తాళంచెవి మీ తాననే ఉండె గద సారూ, నేనెట్ల పోత?" అన్నాడు. కిటికీలకు చువ్వలున్నాయి. పాత గొట్టమేదో మిగిలిందనుకుందామంటే, మూడు ఎండిన వేడిలో అదొక్కటే ఎలా తడిగా ఉంటుంది?

ముడి చెదరకుండా దారాన్ని పక్కన కత్తిరించి దాచాను. ఇది వేరే బూజేమోనన్న అనుమానంతో డిఎన్‌ఏ తీసి మళ్ళీ హైదరాబాదుకు పంపాను. ఫలితం వచ్చాక కంప్యూటర్‌లో పాతదాని కింద పెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ పదకొండూ ఉన్నాయి.

ఆ ఆదివారమే సిరిసిల్ల పోయి దారాన్ని అత్తమ్మకు చూపించాను. ఎక్కడిదో చెప్పలేదు. చిన్ననాటి నుంచి పోగులు అతికిన మనిషి. దారాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూసింది.

"గిది మా విమల ముడి బిడ్డా. దానిది ఎడమచెయ్యి గద, పోగు ఉల్టా తిరుగుతది. మా ఇండ్లల్ల గిట్ల ఇంకెవ్వలు ఎయ్యరు."

దారాన్ని వేలికి చుట్టుకుంటూ, "ఎప్పుడు ఏసింది?" అని అడిగింది.

నా జవాబు కోసం చూడకుండానే దారాన్ని కొంగున ముడేసుకుంది. నా దగ్గర చూపించడానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే. అయినా తిరిగి ఇమ్మనలేకపోయాను.

హనుమంతు ఇప్పటికీ బతికే ఉన్నాడు. నెల తప్పకుండా మారుస్తున్నాను. ఒక్క ఏడాది మాత్రం, మే నెలలో, ఒక గొట్టాన్ని కావాలనే మార్చకుండా వదిలేశాను. పక్కన కొత్త గొట్టం, దారం ఉండ పెట్టి, తాళం వేసి భైంసా పోయాను. తిరిగి వచ్చేసరికి గొట్టం ఎండిపోయి ఉంది. దారం ఉండ పెట్టినచోటే ఉంది.

మొదటిసారి ఎవరు మార్చారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోసారి మాత్రం ఆమెకు కోపం వచ్చి ఉంటుందనుకుంటాను. బువ్వ పెట్టమంటే నేను పరీక్ష పెట్టాను. అది పరీక్ష అని నాకు నేను చెప్పుకున్నాను గాని, చూడాలనిపించింది విమలా, అంతే.