మూడు వేళ్ల చెయ్యి

ఈ ఉదయం జల్లుకి మా అరుగు మీద గోనెసంచి తడిసింది. తడిసిన గోగునార వాసన ముక్కుకి తగలగానే బంగారప్ప గుర్తొచ్చింది. చీపురుపల్లి మొత్తం మీద ఈ వాసనకి కళ్లు చెమర్చే ముసలాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

బంగారప్ప జూట్ మిల్లులో సంచుల మూతులు కుట్టేది. నేనక్కడ గుమాస్తాని. ఒకనాడు మిషను ఆమె కుడిచేతి వేళ్లు రెండు తెంపేసింది. మిల్లువాళ్లు ఇంటికి పంపేశారు. ఆమె ఎడమచేత్తో సూది పట్టి, గోనెపట్టా మీద రంగురంగుల ఊలుతో గోడకి కట్టే తెరలు కుట్టడం మొదలుపెట్టింది. కోడిపుంజులు, నౌపడ ఉప్పు మడులు, పెళ్లివారి బస్సు. ఆ పని నేర్పింది నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి సూదిలో దారం ఎక్కించడం కూడా నాకు ఆమే నేర్పింది.

అన్నిటికన్నా పెద్ద తెర మీద మిల్లు గేటు కుట్టింది. షిఫ్టు వదిలాక జనం వస్తుంటారు. ముందు ఒక ఆడమనిషి చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. ఆ చేతికి మూడే వేళ్లు. కొత్త మేనేజరు చూసి ముచ్చటపడ్డాడు. మిల్లు హాల్లో కట్టిస్తానన్నాడు.

“కానీ చెయ్యి తప్పు పడిందమ్మా, సరిచెయ్యి.”

బంగారప్ప తన కుడిచెయ్యి ఎత్తి చూపించింది. “తప్పేటి బాబూ? లెక్క సరిగ్గానే ఉన్నాది. ఆ రెండు వేళ్లూ మీ మిషను కాడున్నాయి. అట్టుకొచ్చి ఇయ్యండి, కుట్టెస్తాను.”

ఆ రోజు ఆమె పక్కన నిలబడి నేనూ బల్ల గుద్ది మాట్లాడానని ఇన్నేళ్లూ చెప్పాను. గుద్దలేదు. మర్నాడు ఆమె నీళ్లకి వెళ్లినప్పుడు, తెర మీది చేతికి రెండు వేళ్లు కుట్టేశాను. ఆమె పనితనం నలుగురూ చూడాలని చేశాను. అదీ అబద్ధమే. మేనేజరు దగ్గర నాకు మంచిపేరు రావాలని చేశాను.

ఆమె తిరిగొచ్చి, చూసి, బిందె దించింది.

“ఏట్రా అప్పన్నా, ఆస్పత్రోళ్లకే సేతకాంది నువ్వు సేసీసినావా?”

“నలుగురూ సూస్తారని, అప్పా.”

“సూస్తే నన్నే సూడాల. కత్తిరట్టుకో. నువ్వెట్టినవి నువ్వే తియ్యి.”

పోగులన్నీ లాగేశాను. మిగిలిన కన్నాలని గోటితో రుద్ది పూడ్చబోతే చెయ్యి పట్టుకుంది. “ఉండనీ. ఎవుడో మార్సబోయాడని తెలాల.”

తెర హాలుకెక్కలేదు. బంగారప్ప చనిపోయేముందు దాన్ని నాకే ఇచ్చింది. “కన్నాలు నీవే కదరా, నువ్వే కాపలా కాయి” అంది.

పోయిన నెల ఎగ్జిబిషన్ వాళ్లు ఇద్దరొచ్చి తెర అడిగారు. చెయ్యి కాస్త బాగుచేయిస్తామన్నారు. “లెక్క సరిగ్గానే ఉంది” అని ఈసారి నిజంగానే బల్ల గుద్దాను. నమ్మకపోతే వచ్చి చూడండి, బల్ల కాలు ఊడింది. సరే, అది ముందే ఊడింది. మాట మాత్రం అన్నాను. వాళ్లు వెళ్లిపోయారు. మా గోడ మీద ఆ చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంది.