రాష్ట్రపతికి తగిలిన తిట్లు

రోడ్డు వారన బ్లీచింగ్ పౌడరు వాసన తగిలితే చాలు, కొండకు ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని తెలిసిపోతుంది, నాకు ఒళ్ళు మండిపోతుంది. తొంభైల్లో, నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, తిరుపతికి రాష్ట్రపతి వస్తున్నారని మా రేణిగుంట రోడ్డంతా ఆ పౌడరు చల్లి, గోడలకు సున్నం కొట్టి, మా అవ్వ దోశెల బంకును పీకి లారీకెత్తారు.

తెల్లవారుజామున కట్టెల పొగ, పెనం మీద కాగే శెనగనూనె, రోట్లో నూరిన శెనక్కాయల చట్నీ, ఎర్రకారం పూసిన దోశె, ఇవన్నీ కలిస్తేనే నాకు బాల్యం. నాయనకు కూలి దొరకని రోజుల్లో ఆ బంకే మా కడుపులు నింపేది.

"రెండు దినాలు ఓర్సుకోమ్మా, పెద్దాయన పోతానే నీ బంకు నీకే" అన్నాడు మా వార్డు కౌన్సిలరు, లారీ పక్కన నిలబడి. రాష్ట్రపతికి సొంత అధికారమేమీ ఉండదు, మంత్రులు చెప్పినచోట సంతకం పెడతారని బళ్ళో సారు చెప్పారు. ఏ అధికారమూ లేని మనిషి వస్తేనే మా పొయ్యి ఆరిపోయింది! కార్ల వరస సర్రున పోయింది, అద్దాలు కూడా దించలేదు. ఆ వారంలోనే అవ్వ చోట్లో కౌన్సిలరు బామ్మర్ది కూల్‌డ్రింకుల షాపు లేచింది. అడగబోతే "రాష్ట్రపతి ఆర్డరు" అన్నాడు కౌన్సిలరు, దొంగనాయాలు.

గంగమ్మ జాతర వచ్చింది. జాతరలో వేషం కట్టినవాళ్ళు ఎవర్నైనా బండబూతులు తిట్టవచ్చు, తిట్లు తినేవాడు చేతులు కట్టుకుని పడాలి, లేకుంటే అమ్మవారికి కోపం. నోట్లో నాలుక లేని మా నాయన ఒళ్ళంతా కుంకుమ పూసుకుని కౌన్సిలరు గడప ముందు నిలబడ్డాడు. తీరా ఆయన మొహం చూసేసరికి గుండె జారిపోయి, తిట్లన్నీ ఢిల్లీలో ఉన్న రాష్ట్రపతికి తగిలించాడు. జనంతో కలిసి కౌన్సిలరు కూడా పగలబడి నవ్వాడు.

"ఆయప్పనెందుకురా తిడతావు? ఆయప్పకు నా బంకు యాడుండాదో కూడా తెల్దు. దొంగ ఈడుండాడు!" అంటూ అవ్వ నాయన రొమ్ము మీది కుంకుమను రెండు చేతులా తీసి తన మొహానికి పూసుకుంది. అంతే, ఆమెదీ వేషమే. ఇక అందుకుంది చూడండి! కౌన్సిలరు తాత దగ్గర మొదలుపెట్టి బామ్మర్ది దాకా ఒక్కర్నీ వదల్లేదు. ఆయన నవ్వు మానేసి, చేతులు కట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. నాకు కడుపు నిండిపోయింది.

బంకు మాత్రం తిరిగి రాలేదు. అవ్వ ఊళ్ళోవాళ్ళ అంట్లు తోముతూనే పోయింది. రోడ్డు వెడల్పయి ఆ చోట ఇప్పుడు డివైడరు, దాని మీద పూలమొక్కలు. జాతర వేషాలన్నీ ఫోటోల కోసమే, తిట్టమంటే ఈ కాలం పిల్లలు సిగ్గుపడతారు. కౌన్సిలరు ఇంకా బతికే ఉన్నాడు, పొద్దున్నే కర్ర పట్టుకుని వాకింగుకు వస్తాడు, ఎదురుపడ్డవాళ్ళంతా పెద్దాయన అంటూ దండం పెడతారు.

ఈసారి జాతరకు నేను వేషం కడుతున్నాను. అవ్వ తిట్లలో ఒక్కటి కూడా మరిచిపోలేదు.