వంతెన సగం దాకా ఇన్సూరెన్సు

రాష్ట్రం రెండైన ఆ కొత్త రోజుల్లో మా ప్రత్తిపాడు వైపు హెల్మెట్ తలకు పెట్టుకునే వస్తువని ఎవరూ పెద్దగా అనుకునేవారు కాదు. బండి కొంటే షోరూమువాళ్లు ఉచితంగా ఇచ్చేవారు, ఇంటికి తెచ్చి మేకుకు తగిలించేవాళ్లం, అంతటితో సరి. మా అమ్మకు మాత్రం పనికొచ్చే వస్తువు ఊరికే వేలాడుతుంటే చూడబుద్ధయ్యేది కాదు. తొడిమలు తీసిన ఎండుమిరపకాయలు అందులో పోసి, పైన గుడ్డ కట్టి, వంటింట్లో దూలానికి వేలాడదీసింది. (ఎలకలు అందుకోలేవు, చెమ్మ తగలదు. ఆ మాటకొస్తే తలకన్నా మిరపకాయలకే అది బాగా అమరింది.) కొన్నాళ్లకు అది మా వీధికి కొలపాత్ర కూడా అయింది. "వదినా, ఓ హెల్మెట్ కాయలియ్యవా, మా కోతలయ్యాక తెచ్చిస్తా" అని పక్కింటావిడ అడగడం నేను చెవులారా విన్నాను.

అలాంటి రోజుల్లో మిర్యాలగూడ నుంచి నాకో సంబంధం వచ్చింది. అప్పటికే నాలుగైదు తప్పిపోయాయి గానీ, ఈ అమ్మాయి ఫోటో చూశాక మాత్రం ఇది తప్పిపోతే బతకడం కష్టమేననిపించింది. అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే. వాళ్ల నాన్నగారు హెల్మెట్ లేకుండా వెళ్లి బండి మీద నుంచి పడి ఒక చెవి వినికిడి పోగొట్టుకున్నారట. అందుకని అబ్బాయి బండి మీదే రావాలి, హెల్మెట్ పెట్టుకునే రావాలి, లేదంటే తను గదిలోంచి బయటికే రాదు. మధ్యవర్తి ఈ కబురు చెప్పగానే మా అమ్మ హెల్మెట్ దింపి, కాయలు డబ్బాలోకి ఒంపి, తడిగుడ్డతో తళతళలాడేలా తుడిచింది. "చూసుకోరా, అద్దంలాగా ఉంది" అంది. నిజమే, ఉంది. ఆవిడ తుడిచింది పైభాగమే అన్న సంగతి నాకు తట్టలేదు.

ఆడవాళ్లంతా కారులో ముందు బయలుదేరారు. నా వెనక మా మేనమామ ఎక్కాడు. ఊరంతా ఆయన్ని రూల్సు మావయ్య అంటుంది. ఆయనకి తెలియని రూలంటూ లేదు, తెలిసిన రూల్లో నిజమంటూ ఉండదు. "ఇప్పట్నించే హెల్మెట్ ఎందుకురా, క్రాపు చెడిపోద్ది. మన వైపు ఎవడూ అడగడు, కృష్ణ వంతెన దాటి తెలంగాణలోకి పోయాక పెట్టుకో" అన్నాడు. నాకూ ఆ పూట క్రాపు మీదే ధ్యాస. హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని పొందుగుల దాకా దర్జాగా వెళ్లాం. కృష్ణ మీద వంతెన సగంలోకి వచ్చామో లేదో, మావయ్య నా భుజం పట్టి గుంజాడు.

"ఆపు, ఆపరా! మన ఇన్సూరెన్సు ఇక్కడికి ఆఖరు."

"అదేంది మావయ్యా?"

"రాష్ట్రం రెండైతే ఇన్సూరెన్సు మాత్రం ఒకటిగా ఉంటదంట్రా? ఇంజను ఆపి తొయ్యి. తోసే బండి బండి కిందకి రాదు, సామాను కిందకి వచ్చిద్ది. అవతల ఒడ్డున కొత్తది కట్టిచ్చుకుందాం."

డిగ్రీ చదివినవాణ్ని, నోరు మూసుకుని తోశాను. (పెళ్లిచూపుల నాడు పెద్దవాళ్లతో వాదన దేనికని.) మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, ముందు నేను, వెనక సామానుకు కాపలాగా మావయ్య. పక్క నుంచి పోతున్న లారీలవాళ్లు జాలిగా చూశారు. అవతలి ఒడ్డు చేరేసరికి ఇస్త్రీ చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది. అక్కడ నిలబడ్డ పోలీసాయన పెట్రోలు అయిపోయిందా అని అడిగితే, మావయ్య గర్వంగా విషయం వివరించాడు.

పోలీసాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "పెద్దాయనా, ఇన్సూరెన్సు దేశమంత నడుస్తది. టైముకు కట్టుకుంటే చాలు. ముందుగాల ఆ హెల్మెట్ చేతికి గాదు, నెత్తికి పెట్టుమను. నువ్వు గూడ ఒకటి కొనుక్కో."

"నేను చెప్పలా, హెల్మెట్ ఈ పక్కనే అని!" అన్నాడు మావయ్య నా వైపు తిరిగి.

పెట్టుకున్నాను. ఒక మైలు దాకా ఏమీ తెలియలేదు. ఆ తర్వాత లోపలి స్పాంజిలో ఏళ్ల తరబడి ఇంకిన గుంటూరు కారమంతా నా చెమటను పలకరించడం మొదలుపెట్టింది. చెవులు, మాడు, కనుబొమలు, చివరికి కళ్లు. నాలుగుచోట్ల ఆపి నీళ్లు కొట్టుకున్నాను. తీసేస్తానంటే మావయ్య ఒప్పుకోలేదు. "అమ్మాయివాళ్లు మేడ మీద నుంచి చూస్తంటారురా. తీశావంటే సంబంధం పోద్ది!" నాకూ ఆ భయమే. ఏడుస్తూ, ఆగుతూ, మళ్లీ ఏడుస్తూ వాళ్ల గుమ్మం ముందు దిగాను.

హెల్మెట్ తీయగానే మా అమ్మ గుండెలు బాదుకుంది. కళ్లు చింతనిప్పులు, ముక్కు ధార. "ఏమైంది బాబూ?" అని అమ్మాయి నాన్నగారు కంగారుపడ్డారు. మావయ్య ఏమాత్రం తడుముకోకుండా, "మీ చెవి సంగతి విన్నప్పట్నించీ ఇదే ఏడుపండీ. మెత్తని మనసు" అన్నాడు. ఆయనకి వినబడక "ఆఁ?" అన్నారు. మావయ్య ఆ అబద్ధాన్నే వీధి మొత్తానికి వినబడేలా మళ్లీ చెప్పాడు. పాపం, పెద్దాయన కళ్లు కూడా తడయ్యాయి. సిగ్గుతో నేను తల వంచుకున్నాను. ఇక ఈ సంబంధమూ పోయినట్టేనని తెలిసిపోయింది. అంత బాధ ఏ సంబంధానికీ పడలేదు.

అప్పుడు అమ్మాయి బయటికి వచ్చింది. చేతిలో కాఫీ లేదు, పెద్ద గ్లాసుతో మజ్జిగ, తడిపిన తువాలు ఉన్నాయి. నా చెవి వెనక నుంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. మిరపగింజ.

"మెత్తని మనసుకు గింజలు గూడ ఉంటయా?" అంది మావయ్యతో. ఆయన ఆకాశం వైపు చూశాడు. నాతో మాత్రం నెమ్మదిగా, "మీ దిక్కు హెల్మెట్‌ల మిరపకాయలు పోస్తరా?" అని అడిగింది.

"ఇక మీదట తలే పెడతానండి" అన్నాను. వెక్కుతూ అన్నానేమో, ఒట్టు వేసినట్టే వినబడింది. ఆమె నవ్వింది. వాళ్లింట్లో ఆ నవ్వునే సమాధానంగా తీసుకున్నారు.

ఇప్పుడు మాకు రెండు హెల్మెట్లున్నాయి. తలకు పెట్టుకునే ముందు మా ఆవిడ రెండింటినీ వాసన చూస్తుంది. మావయ్యకు మోకాళ్లు అరిగిపోయాయి, బండెక్కలేడు. మేం మిర్యాలగూడ వెళ్తుంటే మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఇన్సూరెన్సు ఉందా?" అని అడుగుతాడు. వంతెన సగంలోకి రాగానే వెనక నుంచి ఆమె నా వీపు తట్టి, "దిగి తోస్తవా?" అంటుంది. నేను కాస్త నెమ్మది చేస్తాను. వంగి, చెమటలు కక్కుతూ సామానులాగా బండిని తోసుకుపోతున్న ఆ కుర్రాడు అక్కడెక్కడో ఇంకా ఉన్నట్టే ఉంటుంది. వాడికి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది: ఒరేయ్, ఆగకుండా తొయ్యి, అవతల నీకోసం ఒకామె మజ్జిగ చిలుకుతోంది.